నిలకడ కావాలంటే ముందు వోల్టేజ్ తేల్చుకోండి, గిగాహెర్ట్జ్ సంగతి తర్వాత

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఇంటెల్ ఐ5-10600కె ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి (కంపెనీ పెట్టిన వేగం కన్నా పైకి నెట్టి) అన్ని కోర్ల మీదా 5.0 గిగాహెర్ట్జ్‌కి, 1.30 వోల్టులకి పెట్టారు. సినీబెంచ్ (ప్రాసెసర్‌తో బొమ్మ గీయించి స్కోరు ఇచ్చే టెస్ట్) 10 నిమిషాలు బాగానే తిరిగింది. గేమ్ ఆడుతుంటే మాత్రం గంటకో గంటన్నరకో బ్లూ స్క్రీన్ వస్తోంది. ఒక్కోసారి ఊరికే బ్రౌజర్ తెరిచి కూర్చున్నా వస్తోంది. వోల్టేజ్‌ని 1.40కి పెంచితే క్రాష్‌లు తగ్గాయి కానీ వేడి 97 డిగ్రీలు చూపిస్తోంది. "5.0కి సరైన వోల్టేజ్ ఎంత?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీ చిప్‌కి, మీ కూలర్‌తో, 5.0 దగ్గర సరైన వోల్టేజ్ అనేది లేకపోవచ్చు. 4.9కి దిగండి. 1.27 వోల్టులు, మధ్యస్థ లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌తో (పని భారం, అంటే లోడ్, పడ్డప్పుడు వోల్టేజ్ ఎంత కుంగాలో చెప్పే సెట్టింగ్) మొదలుపెట్టండి. మెమరీ ఎక్స్‌ఎంపీని (మెమరీని మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ప్రస్తుతానికి ఆపేయండి. చాలావరకు మీ సమస్య అక్కడితో తీరుతుంది. ఎందుకో, తీరకపోతే ఏం చేయాలో కింద రాస్తున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదవండి.

నేను పదిహేనేళ్లుగా నా మెషీన్లు, స్నేహితుల మెషీన్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ల మెషీన్లు ట్యూన్ చేస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ దాదాపు ఒకే దారిలో వెళ్తారు. ముందు ఒక గుండ్రటి అంకె, 5.0 లాంటిది, మనసులో పెట్టుకుంటారు. అది క్రాష్ అయిన ప్రతిసారీ కొంచెం కొంచెం వోల్టేజ్ పోస్తూ పోతారు. నేను దీన్ని తిరగేసి చేస్తాను. నా కూలర్ ఎంత వోల్టేజ్‌ని మోయగలదో ముందు చూస్తాను. ఆ వోల్టేజ్ దగ్గర చిప్ ఎంత వేగం ఇస్తే అంతే తీసుకుంటాను. వేగం ఎంతన్నది చిప్ చెప్పాలి, మనం కాదు.

దీని వెనక ఉన్న లెక్క చిన్నదే. ప్రాసెసర్ తినే పవర్ వేగంతో పాటు నేరుగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం వర్గంలా పెరుగుతుంది. అంటే వోల్టేజ్ 10 శాతం పెంచితే పవర్ 21 శాతం పెరుగుతుంది. మీరు 1.30 నుంచి 1.40కి వెళ్లినప్పుడు వేగం ఒక్క మెగాహెర్ట్జ్ కూడా పెరగలేదు, పవర్ మాత్రం 16 శాతం పెరిగింది. పైగా వేడెక్కిన చిప్‌లో లీకేజీ (పనికి రాకుండా కారిపోయే కరెంటు) ఎక్కువ, అది వేడిని ఇంకా పెంచుతుంది. ఆ వేడిలో అదే వేగం నిలబడటానికి చిప్‌కి ఇంకాస్త వోల్టేజ్ కావాలి. మీరు 97 డిగ్రీల దగ్గర తిరుగుతున్నది ఈ చక్రంలోనే.

నా దగ్గర ఉన్న ఒక 10600కె మీద కొలిచి రాసుకున్న అంకెలు చెబుతాను. ఇవన్నీ లోడ్‌లో నిలబడిన కనీస వోల్టేజ్‌లు. 4.7కి 1.16, 4.8కి 1.20, 4.9కి 1.25, 5.0కి 1.33. 5.1 మాత్రం 1.42 ఇచ్చినా నిలబడలేదు. తేడాలు చూడండి: మొదటి మెట్టుకి 0.04, తర్వాత 0.05, ఆ తర్వాత ఒక్కసారిగా 0.08. దారి అక్కడ నిట్టనిలువుగా మారింది. 4.9 నుంచి 5.0కి వెళ్లడానికి 2 శాతం వేగం కోసం సుమారు 15 శాతం ఎక్కువ పవర్ కట్టాల్సి వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. ఆ మెషీన్ నేటికీ 4.9లోనే ఉంది. ఆ మెట్టు మీ చిప్‌కి ఇంకోచోట ఉండొచ్చు. ఒకే డబ్బా నంబర్ ఉన్న రెండు చిప్‌లు ఒకేలా ఉండవు, కాబట్టి నా అంకెల్ని కాపీ చేయకండి. మీ పట్టిక మీరే రాసుకోండి. తేడా ఒక్కసారిగా పెరిగే చోటు కనిపించగానే దానికి ఒక మెట్టు కింద ఆగండి.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ చిప్ ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే అన్ని కోర్ల మీద 4.5, తేలికపాటి పనిలో 4.8 వరకు వెళ్తుంది. కాబట్టి 4.9 అంటే అన్ని కోర్ల మీద 9 శాతం దాకా లాభం, అది తక్కువేం కాదు. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చినప్పుడు 66 మెగాహెర్ట్జ్ బస్‌ని (చిప్ వేగానికి మూలమైన క్లాక్) 100కి మార్చగానే 300 కాస్తా 450 అయ్యేది. సగానికి సగం అదనం! అప్పటి చిప్‌లలో అంత ఖాళీ వదిలేవారు. ఇప్పుడు టర్బో (చిప్ తనంతట తాను వేగం పెంచుకోవడం) పేరుతో ఆ ఖాళీలో చాలా భాగాన్ని కంపెనీయే వాడేసి మన చేతికిస్తోంది. అందుకే ఆ కాలపు లాభాలను ఇప్పుడు ఆశించకూడదు.

ఇక నేను చేసే క్రమం.

మొదట బయోస్‌ని (మెషీన్ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు సెట్టింగ్‌ల మెనూ) డిఫాల్ట్‌కి తీసుకొస్తాను. ఎక్స్‌ఎంపీ కూడా ఆపేసి, ఏ ఓవర్‌క్లాక్ లేకుండా గంటసేపు స్ట్రెస్ టెస్ట్ పెడతాను. దీన్ని చాలామంది దాటేస్తారు. డిఫాల్ట్‌లోనే ఎర్రర్ వచ్చే మెషీన్ మీద ఎన్ని సెట్టింగ్‌లు మార్చినా వృథా. ఆ టెస్ట్‌లో వచ్చిన వేడి, వోల్టేజ్, సినీబెంచ్ స్కోరు కాగితం మీద రాసుకుంటాను. ఈ స్కోరు తర్వాత పనికొస్తుంది.

తర్వాత వోల్టేజ్ మోడ్‌ని మాన్యువల్‌లో పెట్టి 1.25 ఇస్తాను, మల్టిప్లయర్‌ని (బేస్ క్లాక్‌ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) మామూలుగానే ఉంచుతాను. ప్రైమ్95 అనే భారీ లెక్కల ప్రోగ్రాంలో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ (భారమంతా ప్రాసెసర్ మీదే పడే టెస్ట్; లార్జ్ అయితే మెమరీని కూడా వాడుతుంది), ఏవీఎక్స్ (ఒకేసారి చాలా అంకెల్ని లెక్కించే ఆదేశాలు) ఆపేసి, అరగంట. వేడి 85 డిగ్రీల లోపు ఉంటే 0.02 పెంచుతాను, మళ్లీ అరగంట. 85 తగిలిన చోట ఆగుతాను. మీ చిప్‌కి వేగం తనంతట తాను తగ్గించుకునే హద్దు 100 డిగ్రీలు. నేను 15 డిగ్రీలు ఖాళీ వదులుతాను. గది వేడి 10 డిగ్రీలు పెరిగితే చిప్ వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది, చల్లటి రోజు చేసిన టెస్ట్ వేడి రోజున అబద్ధమవుతుంది. ఇలా వచ్చిన అంకె నా పైహద్దు. వేగం పెంచినప్పుడు వేడి ఇంకొంచెం పెరుగుతుంది కాబట్టి దీన్ని చివర్లో మళ్లీ సరిచూసుకోవాలి.

ఆ వోల్టేజ్ అలాగే ఉంచి మల్టిప్లయర్‌ని ఒక్కొక్కటే పెంచుతాను. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ కాబట్టి 47 అంటే 4.7, 48 అంటే 4.8. ప్రతి మెట్టు దగ్గర ఒక్కసారి సినీబెంచ్ చాలు, ఇక్కడ మనకు కావాల్సింది క్రాష్ అయ్యే చోటు ఎక్కడో తెలియడమే. క్రాష్ అయ్యాక ఒక మెట్టు వెనక్కి వచ్చి, అక్కడ వోల్టేజ్‌ని 0.01 చొప్పున తగ్గిస్తూ అసలైన టెస్ట్‌లు మొదలుపెడతాను. టెస్ట్ పాసైన కనీస వోల్టేజ్ దగ్గర వదిలేయకండి, దానికి 0.02 కలపండి. ఆ 0.02 వేడి రోజుల కోసం, పాతబడే చిప్ కోసం. బేస్ క్లాక్‌ని మాత్రం ముట్టుకోకండి. దాంతో పాటు మెమరీ వేగం కూడా కదులుతుంది, తప్పు ఎక్కడుందో పట్టుకోలేరు.

ఇప్పుడు మీ అసలు చిక్కు: సినీబెంచ్ పాసైంది, గేమ్ పాస్ కాలేదు. ఇందులో విడ్డూరమేమీ లేదు. సినీబెంచ్ పెట్టే లోడ్ ఒకే తీరుగా, మారకుండా ఉంటుంది. గేమ్‌లో లోడ్ క్షణక్షణం ఎగిరి పడుతుంది: ఒక సన్నివేశం లోడయ్యేటప్పుడు అన్ని కోర్లూ ఒక్కసారిగా లేస్తాయి, మరుక్షణం పడుకుంటాయి. ఆ లేచే క్షణంలో వోల్టేజ్ ఒక్క మైక్రోసెకను పాటు లోతుగా కుంగుతుంది. చిప్ తప్పు చేసేది అప్పుడే. సాఫ్ట్‌వేర్‌లో మీకు ఆ కుంగుబాటు కనిపించదు, ఆసిలోస్కోప్ (వోల్టేజ్ మార్పుల్ని గీసి చూపే పరికరం) ఉంటేనే కనిపిస్తుంది.

ఇక్కడే లోడ్‌లైన్ కాలిబ్రేషన్ గురించి చెప్పాలి. బయోస్‌లో మీరు 1.30 అని రాశారు, బాగానే ఉంది. లోడ్ పడ్డప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (వోల్టేజ్, వేడి చూపించే ప్రోగ్రాం) ఎంత చూపిస్తోంది? లోడ్‌లైన్ ఆటోలో ఉంటే కొన్ని బోర్డుల మీద అది 1.22 దాకా కుంగడం నేను చూశాను. అదే మీ దగ్గర జరుగుతుంటే, మీరు 5.0 గిగాహెర్ట్జ్‌ని నిజానికి 1.22తో నడిపిస్తున్నారు, పేరుకే 1.30. బయోస్‌లో రాసిన అంకె కాదు, లోడ్‌లో కనిపించే అంకె లెక్క. ఎవరితో పోల్చుకున్నా లోడ్ వోల్టేజ్‌నే పోల్చుకోండి.

అలాగని లోడ్‌లైన్‌ని చివరి మెట్టుకి నెట్టేయకండి. వోల్టేజ్ కుంగడం అనేది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు. బరువు తీసేయగానే పైకి ఎగిరే స్ప్రింగ్ లాంటిది వోల్టేజ్: లోడ్ హఠాత్తుగా పోయినప్పుడు అది పైకి ఎగురుతుంది. కుంగుబాటు ఉంటే ఆ ఎగురు మీరు పెట్టిన అంకె దాటకుండా ఆగుతుంది. కుంగుబాటును పూర్తిగా తీసేస్తే ప్రతి ఎగురూ హద్దు దాటి చిప్‌ని కొడుతుంది. నేను ఎప్పుడూ మధ్య మెట్టులోనే ఉంచుతాను. ఇంకో జాగ్రత్త: కొన్ని బోర్డుల్లో లెవెల్ 1 అంటే అన్నిటికన్నా బలమైనది, కొన్నిట్లో అన్నిటికన్నా బలహీనమైనది. పక్కన ఉన్న గీతల బొమ్మ చూసి నిర్ధారించుకుని మార్చండి.

బ్రౌజర్ తెరిచి ఉన్నప్పుడు వచ్చే క్రాష్ వేరే కథ కావచ్చు. మీరు మాన్యువల్ మోడ్‌లో ఉన్నారు. ఆ మోడ్‌లో లోడ్ లేనప్పుడు వోల్టేజ్ ఎక్కువే ఉంటుంది, తక్కువ కాదు. అయినా ఊరికే కూర్చున్నప్పుడు మెషీన్ క్రాష్ అవుతోందంటే నా అనుమానం మొదట మెమరీ మీదికి పోతుంది, ఆ తర్వాత క్యాష్ (చిప్ లోపలి చిన్న మెమరీ) మల్టిప్లయర్ మీదికి. అందుకే ఎక్స్‌ఎంపీ ఆపమన్నాను. క్యాష్ మల్టిప్లయర్‌ని కూడా పెంచి ఉంటే డిఫాల్ట్‌కి తీసుకురండి, దానివల్ల వచ్చే లాభం చాలా తక్కువ. కోర్ వేగం పూర్తిగా తేలాకే ఎక్స్‌ఎంపీని తిరిగి పెట్టండి. అప్పుడు ఎర్రర్లు మొదలైతే దోషి ఎవరో ఇక వెతకక్కర్లేదు.

క్రాష్ ఎలా వచ్చిందో చూస్తే చాలా తెలుస్తుంది. బ్లూ స్క్రీన్ మీద క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్ అని ఉంటే నా అనుభవంలో చాలాసార్లు కోర్ వోల్టేజ్ చాలకపోవడమే. డబ్ల్యూహెచ్‌ఈఏ (హార్డ్‌వేర్ తప్పుల్ని నమోదు చేసే విండోస్ భాగం) అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అంటే కోర్ గానీ క్యాష్ గానీ. ప్రైమ్95 స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీలో ఒక వర్కర్ (విడిగా నడిచే లెక్కల వరుస) మాత్రం ఆగిపోయి మిగతావి నడుస్తుంటే వోల్టేజ్ కొంచెమే తక్కువైంది, 0.01 లేదా 0.02తో సరిపోతుంది. స్మాల్ హాయిగా నడిచి లార్జ్ ఎఫ్‌ఎఫ్‌టీలో మాత్రమే ఆగితే మెమరీ వైపు చూడండి. బ్లూ స్క్రీన్ కూడా లేకుండా టక్కున ఆరిపోతే పవర్ సప్లయ్‌నీ, బోర్డులోని కరెంటు పరిమితినీ కూడా అనుమానించాలి.

క్రాష్ కాకపోయినా ఒక చోట చూడటం అలవాటు చేసుకోండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో ఏమైనా ఉందేమో వెతకండి. ఐడీ 19 అంటే తప్పు జరిగింది, చిప్ తనంతట తానే దిద్దుకుంది అని అర్థం. మీకు పైకి ఏమీ తెలియదు. అది రోజుకి ఒక్కటి కనిపించినా నా లెక్కలో ఆ మెషీన్ నిలకడగా లేనట్టే.

ఏ టెస్ట్ పెట్టాలి అన్నదానికి: ఒక్కటి చాలదు. ప్రైమ్95 అసలు మెర్సెన్ ప్రధాన సంఖ్యల్ని వెతకడం కోసం పుట్టింది. జార్జ్ వోల్ట్‌మన్ 1996లో మొదలుపెట్టిన వెతుకులాట అది. దాని టెస్ట్‌లో ప్రతి లెక్కకీ జవాబు ముందే తెలుసు, కాబట్టి ఒక్క అంకె తేడా వచ్చినా పట్టేస్తుంది. సినీబెంచ్ బొమ్మ పూర్తయిందా లేదా అన్నదే చెబుతుంది. నేను స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ గంట, లార్జ్ రెండు గంటలు, ఓసీసీటీ అనే ఇంకో టెస్ట్ ప్రోగ్రాంలో లోడ్ మారుతూ ఉండే టెస్ట్ ఒక గంట నడుపుతాను. ఆ తర్వాత వారం రోజులు మామూలు వాడకం. నిలకడ మీద నిజం తెలుస్తుందన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. రాత్రంతా ప్రైమ్95 పాసై, మూడో రోజు ఒక గేమ్ లోడింగ్ స్క్రీన్ దగ్గర పడిపోయిన మెషీన్లు నేను చూశాను.

ఏవీఎక్స్‌తో ప్రైమ్95 నడపాలా వద్దా అని చాలా వాదన ఉంది. ఏవీఎక్స్ పెడితే వేడి విపరీతంగా పెరుగుతుంది, మామూలు పనిలో అంత లోడ్ ఎప్పుడూ రాదు. అలాగని పూర్తిగా వదిలేయడమూ సరికాదు, ఎందుకంటే వీడియో ఎన్‌కోడర్లు, కొన్ని గేమ్‌లు ఏవీఎక్స్ వాడతాయి. నేను బయోస్‌లో ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ (ఏవీఎక్స్ పనిలో మల్టిప్లయర్‌ని అంత తగ్గించే సెట్టింగ్) 1 గానీ 2 గానీ పెట్టి, ఏవీఎక్స్ ఉన్న టెస్ట్ ఒక 20 నిమిషాలు నడిపి, ఎర్రర్ రాకపోతే ముందుకు వెళ్తాను.

టెస్ట్ అంతా అయ్యాక మొదట రాసుకున్న స్కోరుతో పోల్చండి. వేగం 9 శాతం పెరిగి స్కోరు 3 శాతమే పెరిగిందంటే ఎక్కడో వేడికి గానీ పవర్ పరిమితికి గానీ చిప్ వెనక్కి తగ్గుతోంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ (చిప్ నిజంగా నడిచిన వేగం) అన్న వరుస నిజం చెబుతుంది.

ఇది చదివే వాళ్లలో ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ ఉన్నవాళ్లకి ఒక మాట. 5000 సిరీస్ నుంచి అన్ని కోర్లకీ ఒకే వేగం బిగించడం దాదాపు ఎప్పుడూ నష్టమే, ఒక్క కోర్ మాత్రమే పనిచేసేటప్పుడు అందే అదనపు వేగం పోతుంది. బయోస్‌లోని కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్ వాడండి. అందులో అంకెను మైనస్ వైపు తీసుకెళ్తే అదే వేగానికి చిప్ తక్కువ వోల్టేజ్ అడుగుతుంది. అక్కడ ప్రమాదం భారీ లోడ్‌లో కాదు, తేలికపాటి లోడ్‌లో వస్తుంది. ఒక 5800ఎక్స్‌ని అన్ని కోర్లకీ మైనస్ 30 పెట్టి రాత్రంతా నడిపాను, చుక్క ఎర్రర్ లేదు. పొద్దున్నే ఖాళీగా వదిలేస్తే రీస్టార్ట్ అయింది. రెండు రోజులు ఒక్కో కోర్‌నీ విడివిడిగా కోర్‌సైక్లర్‌తో పరీక్షిస్తే తేలింది: ఒక్క కోర్ మాత్రం మైనస్ 12 దాటితే ఒప్పుకోవడం లేదు. అన్నిటికన్నా మంచిదని చిప్ గుర్తు పెట్టుకున్న కోర్ కూడా అదే. మంచి కోర్‌ని ఎక్కువ వేగానికి తోస్తారు కాబట్టి దాని దగ్గర ఖాళీ తక్కువ ఉంటుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, వోల్టేజ్ చేసే నష్టం వెనక్కి రాదు. నా పాత చిప్ ఒకదాన్ని లోడ్‌లో 1.42 దగ్గర రెండేళ్లు నడిపాను. ఆ తర్వాత అదే వేగానికి 0.03 ఎక్కువ అడగడం మొదలుపెట్టింది, ఆ తర్వాత ఆ వేగమే నిలబడలేదు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌ల సంగతి అందరూ చూశారు: చిప్ తానే అడిగే అధిక వోల్టేజ్ వల్ల పాడవుతున్నాయని తేలి, అది 1.55 దాటకుండా ఆగస్టులో మైక్రోకోడ్ (చిప్‌ని నడిపే లోపలి ప్రోగ్రాం) తెచ్చారు, వారంటీని రెండేళ్లు పొడిగించారు. అప్పటికే దెబ్బతిన్న చిప్‌లని ఆ మైక్రోకోడ్ బాగుచేయలేకపోయింది. మీ 10600కె ఆ తరం కాదు, కానీ సిలికాన్ గుణం ఒకటే.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. కాస్త అస్థిరంగా ఉన్న మెషీన్ క్రాష్ అవ్వకుండానే తప్పు డేటా రాయగలదు. ఒకసారి నా కుటుంబ ఫోటోల్ని కంప్రెస్ చేసి దాచాను. నెలల తర్వాత తెరిస్తే కొన్ని ఫైళ్లకి చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో చెప్పే అంకె) తప్పింది. ఆ రోజుల్లో ఆ మెషీన్ "దాదాపు" నిలకడగా ఉండేది, పది రోజులకో క్రాష్. అసలు ఫోటోలు అప్పటికే తుడిచేశాను. టెస్టింగ్ నడుస్తున్నన్ని రోజులూ ముఖ్యమైన ఫైళ్లని ఆ మెషీన్ మీద కదపకండి, మొదలుపెట్టే ముందే వేరే డిస్క్‌లో బ్యాకప్ తీసుకోండి. నన్ను ఎవరు అడిగినా మొదట ఇదే చెబుతాను.

మెషీన్ అసలు బూట్ అవ్వకపోతే కంగారు పడకండి, సీమాస్ (బయోస్ సెట్టింగ్‌లు దాచుకునే చోటు) క్లియర్ చేస్తే అన్నీ డిఫాల్ట్‌కి వస్తాయి. ఆ జంపర్ లేదా బటన్ బోర్డు మీద ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.

మీరిప్పుడు చేయాల్సింది: ఎక్స్‌ఎంపీ ఆఫ్, క్యాష్ డిఫాల్ట్, మల్టిప్లయర్ 49, వోల్టేజ్ 1.27, లోడ్‌లైన్ మధ్య మెట్టు. స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ ఒక గంట. పాసైతే 0.01 చొప్పున తగ్గిస్తూ పోండి. పాస్ కాకపోతే పెంచే ముందు మూడు విషయాలు ఇక్కడ రాయండి: లోడ్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో చూపించిన వోల్టేజ్ ఎంత, అన్నిటికన్నా వేడెక్కిన కోర్ ఎన్ని డిగ్రీలు, ఆగిపోయిన వర్కర్ ప్రతిసారీ ఒకటేనా వేర్వేరా. ఒకే కోర్ పదే పదే ఆగుతుంటే మనం వెళ్లాల్సిన దారి వేరు, అది చూశాక చెబుతాను.